ఐదో దీపం వెలగకపోవడం వెనుక కథ

ఆ సీరియల్ చూసినవాళ్ళంతా ఇప్పటికీ ఒకే మాట చెబుతారు. టైటిల్స్‌లో వచ్చే ఐదు దీపాల్లో చివరిది మొదట్లో వెలగకుండా ఉండడం దర్శకుడి మేధస్సట. మొదటి ఎపిసోడ్ నాడే ఆయన కథ ముగింపును అందులో దాచిపెట్టాడట. ఈమధ్య ఒక పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న పెద్దమనిషి పప్పులో నెయ్యి కలుపుకుంటూ ఈ సంగతి నాకే వివరించాడు. ఆ దీపాన్ని అలా వదిలేసింది నేనేనని చెప్పాను. "మీకు తెలియకుండా ఆయనే మీచేత చేయించి ఉంటాడమ్మా" అన్నాడు. విస్తరి ముందు కూర్చుని వాదించడం నాకు ఇష్టంలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

1999 వేసవిలో నేను మాదాపూర్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో టైటిల్ డిజైనర్‌గా చేరాను. మా కిటికీలోంచి చూస్తే ఒకవైపు హైటెక్ సిటీ గుండ్రటి అద్దాల భవనం, మరోవైపు బండరాళ్ళు, వాటి మీద మేకలు. కింది అంతస్తులోని సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు మమ్మల్ని "బొమ్మలవాళ్ళు" అనేవారు. లిఫ్టులో కలిస్తే మాత్రం సీరియల్‌లో తర్వాతేం జరుగుతుందని అడిగేవారు.

స్టూడియోలో పైన క్రియేటివ్ హెడ్, ఆయన కింద నేను, నాకు సాయంగా రెండర్ చూసే యాదగిరి. రెండర్ అంటే మనం గీసిన గీతలనూ పెట్టిన వెలుగులనూ కంప్యూటర్ లెక్కకట్టి, ఒక్కొక్క ఫ్రేమునూ పూర్తి బొమ్మగా తేల్చడం. టీవీకి సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములు కావాలి. ఆనాటి మిషన్లు ఒక్కో ఫ్రేముకు ఎంతసేపు తీసుకునేవంటే, యాదగిరి బటన్ నొక్కి, గోపన్‌పల్లిలో ఇంటికెళ్ళి భోంచేసి వచ్చేవాడు.

సీరియల్ ఒక ఉమ్మడి కుటుంబం కథ. మామగారు, అత్తగారు, కొడుకు, ఆడపడుచు, కోడలు. టైటిల్స్‌లో ఐదు ఇత్తడి ప్రమిదలు వరసగా ఉంటాయి. పాట సాగుతుంటే ఎడమ నుంచి ఒక్కొక్కటీ వెలుగుతుంది. నాలుగు వెలిగాయి. ఐదోదాని వెనుక అలంకారానికి ఒక ఇత్తడి పళ్ళెం పెట్టాం. మంట వెలుగు పళ్ళెం మీద పడి తిరిగి మెరవాలి. ఆ లెక్క దగ్గరికి వచ్చేసరికి మిషన్ ప్రతిసారీ బిగుసుకుపోయేది.

"మేడం, ఇగ ఇది ఎలగదు. నాలుగు ఎలిగినయి గద, సాలదా? ఇంటికాడ మాకు ఒక్కటే ఎలుగుతది" అన్నాడు యాదగిరి.

ఛానెల్‌కు టేపు పంపాల్సిన గడువు ముంచుకొచ్చింది. వదిలేద్దామని నేనే నిర్ణయించాను. దర్శకుడికి చూపించాం. ఆయన భీమవరం వైపు మనిషి, మర్యాదస్తుడు. చూశారు, టీ తాగారు, "చాలా బాగుందండి" అన్నారు. దీపాలు మాత్రం లెక్కపెట్టలేదు. టైటిల్స్ లాక్ అయ్యాయి. లాక్ అంటే ఆ తర్వాత దర్శకుడు కారణం రాసి సంతకం పెడితే తప్ప బొమ్మలో ఏదీ మార్చకూడదు. పేర్ల కార్డులు ఎక్కడ, ఏ అక్షరంలో పడాలన్నది మాత్రం డిజైనర్ ఇష్టం. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

సీరియల్ మొదలయ్యాక ఛానెల్‌కు పోస్టుకార్డులు రావడం మొదలైంది. టైటిల్స్‌లో దీపాల వెనుక గోడ మీద చీలిక కుటుంబం విడిపోవడానికి గుర్తని ఒకరు రాశారు. అది రెండు గోడ బొమ్మలు సరిగా అతకని చోటు. గుమ్మానికి తోరణం లేకపోవడం రాబోయే అశుభమని మరొకరు. తోరణం గీయడానికి నాకు తీరిక దొరకలేదు. బాచుపల్లి నుంచి ఒక పంతులమ్మగారు మాత్రం అందరినీ మించిపోయారు: తారాగణం వరస ప్రకారం ఐదో దీపం కోడలిది, కాబట్టి కోడలు చనిపోతుందని తేల్చారు. ఉత్తరాల కార్యక్రమంలో దాన్ని చదివారు. దర్శకుణ్ణి అడిగితే ఆయన చిరునవ్వు నవ్వి, "ఇప్పుడే చెప్పకూడదండి" అన్నారట.

అక్కడితో ఆగితే బాగుండేది. పేరొచ్చింది కదాని ఆయన రచయితను పిలిచి, కోడలికి బస్సు ప్రమాదం రాయమన్నారు.

కోడలి వేషం వేసిన శైలజ కడప నుంచి వచ్చిన కొత్తమ్మాయి. కొత్తగూడలో ఒక గది కిరాయికి తీసుకుని తల్లితో ఉండేది. ఆమెకు అదే మొదటి వేషం. అది పోతే తిరుగు బస్సెక్కడమే. ఒకరోజు పొద్దున్నే తల్లీకూతుళ్ళిద్దరూ మా స్టూడియోకు వచ్చారు. తల్లి చేతిలో నువ్వుల నూనె సీసా, ఒత్తుల పొట్లం.

"యాడుందమ్మా ఆ దీపం? నేనే ఎలిగిచ్చి పోతా. మీకేం శ్రమ వద్దు" అంది ఆవిడ.

కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ తెర ముందుకూ వెనక్కూ తొంగిచూసింది. "ఈ డబ్బాలో నూనె యాడ పోస్తారు?"

"అమ్మా, నువ్వు ఊరుకో" అని తల్లిని కసిరి, శైలజ నావైపు తిరిగింది. "అక్కా, నన్ను చంపేస్తారంట. నేను బాగా చేయలేదంటే పోతా, సరే. దీపం ఎలగలేదని పోవాల్నా?"

దర్శకుడి మీద నాకు చాలా కోపం వచ్చింది.

దర్శకుడితో వాదించాను. దీపం వెలిగించేద్దాం సార్ అంటే, "వద్దండి, అది నా సింబాలిజం" అన్నారు.

"మీదెప్పుడైంది సార్?"

"ప్రేక్షకులు కనిపెట్టినప్పుడండి" అన్నారు, ఏమాత్రం తడబడకుండా. మా పని గురించి అంత నిజాయితీ అయిన మాట నేను మళ్ళీ వినలేదు.

అదే వారం కెమెరామన్ మారాడు. కొత్త పేరు కోసం కార్డులన్నీ మళ్ళీ అమర్చాల్సి వచ్చింది. అంతవరకూ దర్శకుడి పేరు చివర్లో తెరుచుకునే ఇంటి తలుపుల మధ్య, వెలుగులో కనబడీ కనబడకుండా పడేది. తెల్లటి అక్షరానికి చీకటి నేపథ్యం కావాలన్నది మా రంగంలో మొదటి పాఠం. ఆ బొమ్మ మొత్తంలో నిఖార్సయిన చీకటి ఉన్నది ఒక్క ఐదో దీపం దగ్గరే. ఆయన పేరు తీసుకెళ్ళి సరిగ్గా దాని మీద పెట్టాను. లాక్‌ను ముట్టుకోలేదు, నా పరిధి దాటలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సినిమా, టీవీ రంగంలో సెంటిమెంట్ అంటే మనసుకు సంబంధించింది కాదు. శకునం. మా దర్శకుడు కొబ్బరికాయ ఒకే దెబ్బకు పగలకపోతే షూటింగ్ సాయంత్రానికి వాయిదా వేసే మనిషి.

కొత్త కార్డులు చూడడానికి వచ్చారు. తన పేరు రాగానే చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశారు.

"నా పేరు... ఆరిపోయిన దీపం మీదండీ?"

"ఆరిపోలేదు సార్, అసలు వెలగలేదు. మీ సింబాలిజమే కదా, పక్కన మీ పేరుండడం న్యాయం."

"పేరు జరపండి."

"జరిపితే చదవడానికి కుదరదు సార్. మిగతా అంతా వెలుగే."

వెనక యాదగిరి దగ్గు ఆపుకుంటున్నాడు. "అయితే దీపం వెలిగించండి" అన్నారాయన.

"లాక్ అయింది సార్. కారణం రాసి సంతకం పెట్టాలి."

ఆయన "కథ అవసరం రీత్యా" అని రాసి సంతకం పెట్టారు. ఆ అవసరం నిలవాలంటే కోడలు బతికుండాలి కాబట్టి బస్సు ప్రమాదం రద్దయింది. యాదగిరి ఇత్తడి పళ్ళెం తీసేసి మళ్ళీ రెండర్ పెడితే దీపం మారాం చేయకుండా వెలిగింది. "పళ్ళెం తీస్తే ఐపాయె. గీ పళ్ళెం కోసం ఎంత పరేషాన్ అయితిమి మేడం" అని నవ్వాడు. పళ్ళెం మాయం కావడం ఆస్తి పోవడానికి సూచన అని మరుసటి వారమే ఒక పోస్టుకార్డు వచ్చింది. దర్శకుడు దానికీ చిరునవ్వు నవ్వారు. శైలజ మాత్రం చివరి ఎపిసోడ్ దాకా ఉంది. ముగింపులో శుభం కార్డు ముందు హారతి ఇచ్చింది కూడా ఆమే.

తెర మీద ఎక్కడ ఖాళీ కనిపించినా చూసేవాళ్ళు అర్థంతో నింపుతారు, తీసినవాడు దాన్ని తనదంటాడు, తన పేరు దాని మీద పడేదాకా. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే. ఆ తర్వాత చేసిన ఏ టైటిల్స్‌లోనూ నేను ఖాళీ వదలలేదు.

అయినా ఒక సంగతి ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు. ఎడమ నుంచి లెక్కపెడితే ఆ వెలగని దీపం కోడలిది. కుడి నుంచి మొదలుపెడితే అదే దీపం మామగారిది. అన్ని వందల పోస్టుకార్డులు రాశారే, అందులో సగం ఆడవాళ్ళు రాసినవే, మరి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, కుడి నుంచి ఎందుకు లెక్కపెట్టలేదు?