పటం మీద మా మరిది చుక్క

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, కాళ్లు బారజాపుకున్నా ఏమీ అనుకోను. ఒక రేడియో సంగతి చెబుతాను. పాటలొచ్చే రేడియో కాదు, మనిషి ఎక్కడున్నాడో చెప్పే రేడియో.

కరోనా వచ్చిన మొదటి ఏడు. సూరత్‌లో, కోసాడ్ క్వార్టర్లలో ఉన్నాం. మా ఆయన ఊరికి పోయి అక్కడే చిక్కుకున్నాడు. ఇంట్లో నేను, మామ, మరిది, నిండు చూలాలైన తోడికోడలు. మామ అదే ఊళ్లో ఖటోదరా మరమగ్గాల దగ్గరే ముసలివాడైన మనిషి. మరిది మొబైళ్లు బాగుచేసేవాడు. పరీక్ష రాసి, సొంతంగా గాలిలో కబుర్లు పంపుకునే హామ్ రేడియోకు లైసెన్సు తెచ్చుకున్నాడు.

మిద్దె మీద ఏరియల్ పైపు నిలబెట్టి, దాని తీగను కిటికీ దగ్గరి చిన్న డబ్బాకు దించాడు. టెంపోలో ఇంకో రేడియో పెట్టుకున్నాడు. అది దారిపొడుగునా తానెక్కడున్నదీ గాలిలోకి చెబుతూ పోయేది. ఈ డబ్బా ఆ కబురు పట్టుకుని ఇంటర్నెట్‌కు అందించేది. ఫోన్‌లో సూరత్ పటం తెరిస్తే మా మరిది ఒక చుక్క.

"ఇది గేటు లెక్క వదినె. గాలిల వచ్చిన మాటను లోపటికి తోలుతది."

"గేటైతే గొళ్లెం ఏది మరి?" అన్నాను. నవ్వాడు.

కార్ఖానాలు మూతపడి గదుల్లో చిక్కుకున్న మనవాళ్లకు పర్మిషన్ మీద బియ్యం, పప్పు మోసేవాడు. తన ఫోన్ పెళ్లాం చేతిలో పెట్టి పోయేవాడు. చుక్క మళ్లీ కోసాడ్‌కు వచ్చేదాకా ఆమె ముద్ద ముట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆ చుక్క ఊరికి అటు చివర ఆల్థాన్‌లో ఆగిపోయింది.

"అక్కా, కదుల్తలేడు. పోలీసులు ఆపిండ్రో, దవాఖానకు తీస్కపోయిండ్రో."

"బియ్యం దింపుతున్నడేమో. జర తిను."

తినలేదు. కంచంలో అన్నం బిరుసెక్కింది. అడుగుదామంటే మరిది దగ్గర ఫోన్ లేదాయె. వీధిలో అంబులెన్సు కూత వినబడినప్పుడల్లా కడుపు పట్టుకునేది.

మామ నిద్ర లేచి వచ్చాడు. "ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నరు?"

"చుక్క ఆగింది మామా."

మామ కిటికీ వైపు చూశాడు. "గా మిషినుతోనా మీకు పని? నేనే బంద్ చేసిన."

"ఎందుకు మామా!"

"దాని కాడ ఎవ్వలున్నరు? లైటు వెలుగుతున్నది, మనిషి లేడు. మనిషి లేని మిషిన్ నడుపుతరా ఎక్కడన్నా? మంటలేస్తే?"

మగ్గం వదిలి మంచినీళ్లకు పోవాలన్నా మోటారు ఆపే పోవాలి. కార్ఖానాలో అది కట్టడి. బతుకంతా అదే చేసిన చెయ్యి, పడుకోబోతూ మా డబ్బాను కూడా ఆపింది. కబురు పట్టే డబ్బా ఆగితే, చుక్క చివరిసారి కనబడ్డ చోటే నిలిచిపోయిందన్నమాట.

స్విచ్ వేశాను. డబ్బా లైటు వెలిగింది. ముగ్గురం ఫోన్ మీదికి వంగాం. ఎంతసేపైనా ఆల్థానే. అంతలో చుక్క ఒక్క దూకు దూకి అమ్రోలి దగ్గర తేలింది, మా ఇంటి దాపునే! తోడికోడలు ఏడుస్తూనే నవ్వింది. "ఆకలైతున్నదక్కా," అంది.

అన్నం వేడి చేసేలోపే కింద టెంపో హారన్ మోగింది. మరిది స్నానం చేసి వచ్చాక జరిగినదంతా చెప్పాను. "గేటుకు గొళ్లెం దొరికింది మరిదీ. మీ నాయినే!"

మామ మాత్రం నవ్వలేదు. మర్నాటి నుంచి మరిది బయలుదేరితే చాలు, కిటికీ దగ్గర స్టూలేసుకుని కూర్చునేవాడు. మగ్గాన్ని తుడిచినట్టు డబ్బాను గుడ్డతో తుడిచేవాడు. చాయ్ తాగడానికి లేవాలన్నా, "బిడ్డా, జర మిషిన్ కాడ నిలబడు" అని పిలిచేవాడు. మనవరాలు పుట్టాక, దాన్ని ఒళ్లో వేసుకుని కాపలా కాశాడు.

ఇప్పుడు మామ లేడు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, డబ్బా అటక మీదుంది. స్టూలు మాత్రం నేను ఆ కిటికీ దగ్గరి నుంచి జరపనివ్వలేదు. ఎవరు బయటికి పోయినా వచ్చేదాకా దాని మీదే కూర్చుంటాను.

మీ గడప దాటినవాళ్లు అన్నం చల్లారకముందే తిరిగి రావాలి. వాళ్ల కోసం కిటికీ దగ్గర మీ ఇంట్లో ఎప్పుడూ ఒకరు కూర్చుని ఉండాలి.