ఉత్తుత్తి అర్జీ

డిగ్రీ పూర్తయి ఏడాది దాటినా ఉద్యోగం రాక, చోడవరంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని వచ్చేపోయే చెరకు బళ్లను చూస్తూ కాలక్షేపం చేసే రోజుల్లో నాకొక విచిత్రమైన పని దొరికింది. ఒక సర్కారు ఆఫీసు చుట్టూ పని అయ్యేదాకా తిరగడం. తొంభైల మధ్యలో సంగతి ఇది.

విశాఖపట్నం నుంచి ఒక ప్రొఫెసరు గారు వచ్చారు. బీద దేశాల్లో ప్రభుత్వం పనులు ఎలా జరుగుతాయి, ఎక్కడ ఆగుతాయి, ఎందుకు ఆగుతాయి అని ఆయన పరిశోధన. మన దేశంలోనే కాదు, ఆఫ్రికాలోనూ ఇంకెక్కడెక్కడో కూడా నాలాంటివాళ్లు అర్జీలు పట్టుకుని వరండాల్లో నిలబడ్డారని చెప్పారు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు పొంగిపోయింది. మా ఊరి దుమ్ములో నిలబడ్డా ప్రపంచంతో పాటే నిలబడతాను కదా అనుకున్నాను.

పని ఇది. నేను మామూలు మనిషిలా వెళ్లి నివాస ధ్రువపత్రానికి, అంటే ఫలానా మనిషి ఫలానా ఊళ్లో ఉంటోందని రాసిచ్చే కాగితానికి, అర్జీ పెట్టాలి. అది చేతికొచ్చేదాకా ఎన్నిసార్లు తిరిగానో, ఎవరు ఏం చెప్పారో ప్రతి సాయంత్రం రాయాలి. లంచం ఇవ్వకూడదు, సిఫారసు చేయించకూడదు, పరిశోధన అని ఎవరితోనూ అనకూడదు. ఎవరైనా అడిగితే ఉద్యోగానికి అని ఊరుకోవాలి, అంతే.

ఇంట్లో మాత్రం చెప్పక తప్పలేదు. మా నాన్న దర్జీ. బజార్లో తిరిగే చొక్కాల్లో సగం ఆయన కుట్టినవే.

"నాలుగు తరాలుగా ఈ ఊళ్లోనే ఉన్నాం. మనం ఇక్కడున్నట్టు ఆళ్లు రాసిచ్చేదేటి?" అన్నాడు. "ఆ పెద్ద గుమస్తా లాగు కొలతలు నాకు నోటికొచ్చు. ఒక్క మాట సెప్పేనంటే మధ్యాన్నానికి ఇచ్చేస్తారు."

రావద్దని ఆయనకు రెండు చేతులా దణ్ణం పెట్టాల్సి వచ్చింది. నాన్న వస్తే పరిశోధన అక్కడితో సరి.

ఏ ఆఫీసో చెప్పను. అక్కడ పనిచేసినవాళ్లు ఇప్పటికీ బజార్లో కనిపిస్తే నవ్వుతూ పలకరిస్తారు. వరండాలో ఒక బల్ల ఉండేది, దాని కాలు ఒకటి పొట్టిది. నలుగురం కూర్చున్నప్పుడు చివరివాళ్లు లేచారంటే మిగతా ముగ్గురం ఒక పక్కకి ఒరిగిపోయేవాళ్లం. గుమస్తా కసురుకునే మనిషి కాదు, చెయ్యి చాపే మనిషీ కాదు. మర్యాదగా తలెత్తి "రేపు రండమ్మా" అనేవాడు. కసురుకున్నా బాగుండేది, రాసుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. మొదటి వారం నా పుస్తకంలో "రేపు రమ్మన్నారు" తప్ప మరో మాట లేదు. అదే ప్రొఫెసరు గారికి చెబితే సంబరపడిపోయారు. పని ఆపేవాడు ఒక్కడూ కనిపించడు, పని మాత్రం ఆగుతుంది, నేను వెతుకుతున్నది దాన్నేనమ్మా అన్నారు.

ఆ బల్ల మీదే ఆవిడ పరిచయమైంది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆవిడది దేవరాపల్లి రోడ్డులో బస్సు దిగి లోపలికి నడవాల్సిన పల్లె. ఆవిడకీ అదే కాగితం కావాలి. వాళ్ల ఊరి అంగన్‌వాడీలో ఆయా పోస్టు ఖాళీ అయింది. ఆ ఊరి మనిషేనని రుజువు ఉంటేనే అర్జీ తీసుకుంటారు. పాత ఆయా మానేసిన దగ్గర్నుంచీ పిల్లల్ని ఇళ్ల నుంచి పోగుచేయడం, ఊడవడం, వండిపెట్టడం అన్నీ ఈవిడే ఊరికే చేస్తోంది. పోస్టు నీదేనని అక్కడి టీచరమ్మ కూడా అంటోందట. ఈ కాగితం ఒక్కటే అడ్డం. మొగుడు విశాఖపట్నం పనికని వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఈవిడ అన్న ఇంట్లో ఉంటోంది.

"అన్న మంచోడే సెల్లీ. ఒదినే, నాకు అన్నం ఎట్టినప్పుడల్లా గరిటి గిన్నికేసి కొడతాది," అంది. "ఆ సప్పుడు ఇనకండా ఒక్క పూట తినాలని ఉంది. ఈ పోస్టొచ్చిందంటే నా పొయ్యి నానే ఎలిగించుకుంటాను."

ఇంత కష్టంలోనూ మనిషి భలే సరదా. గుమస్తాకి "రేపుబాబు" అని, సారు ఏరని ఎవరడిగినా క్యాంపుకెళ్లారనడానికి కేంపు కేంపు అనే బంట్రోతుకి "కేంపుబాబు" అని పేర్లు పెట్టింది. గుమస్తా కళ్లజోడు ముక్కు మీదకి జార్చి చూసే చూపు అచ్చం చేసి చూపించేది. నేను నవ్వాపుకోలేక వరండా దిగి వెళ్లిపోయేదాన్ని. మధ్యాహ్నం ఆవిడ చద్దన్నం, ఉల్లిపాయ నేనూ, నా పులిహోర ఆవిడా తినేవాళ్లం. నాకు ఆఫీసుకి వెళ్లడం ఇష్టంగా తయారైంది. ఎప్పుడూ ఎనిమిదికి గానీ లేవనిదాన్ని ఆరింటికే లేచి తలదువ్వుకుంటుంటే, అర్జీకెళ్తన్నావా పేరంటానికెళ్తన్నావా అని మా అమ్మ అడిగేది.

నాది ఏం ఉద్యోగమని ఆవిడ మొదటిరోజే అడిగింది. ఉద్యోగానికే అని ఊరుకుంటే సరిపోయేది. కానీ నా నోరు ఊరుకునే రకం కాదు. టైపిస్టు పోస్టు అన్నాను. మరునాడు ఆ టైపు మిషను టకటకలు కూడా వినిపించాను. ఇంకో రోజు, ముప్పై మందిలో నేనే ఫస్టు వచ్చానన్నాను. ఆవిడ నోరు తెరుచుకుని వింటుంటే నాకు కొత్త కొత్తవి తోచేవి. చివరికి, కాగితం ఇవ్వడానికి ఆఖరి తేదీ కూడా ఒకటి పుట్టించాను. అది ప్రొఫెసరు గారు చెప్పమన్నది కాదు. కథలో కాస్త కంగారు ఉంటే బాగుంటుందని నాకే తోచింది. ఈ గురువారమే ఆఖరన్నాను. ఆవిడకు శనివారం దాకా ఉంది. అయ్యో సెల్లీ అని నా కోసం దేవుడికి మొక్కుకుంది కూడా.

ఆ బుధవారం, ఎన్నాళ్లకో పెద్ద ఆఫీసరు ఆఫీసులో కూర్చున్నారు. కాగితాలు సిద్ధమయ్యాయి, సంతకాలు అవుతున్నాయి. మాలో మొదటి బస్సుకి వచ్చింది ఆవిడ. ఆవిడ తర్వాత నేను. మధ్యాహ్నం దాటాక బంట్రోతు బయటికి వచ్చి, "సారు బయల్దేరతన్నారు. ఇంకొక్కరే. ఎవురిది వంతు?" అన్నాడు.

ఆవిడ లేచింది. బల్ల ఒరిగింది. రెండడుగులు వేసి ఆగి నా వైపు తిరిగింది.

"నీకు రేపే గదా ఆకరి డేటు," అంది. "నాకు శనారం దాకా ఉంది. నువ్వెల్లు."

"పర్లేదక్కా, మీరెళ్లండి," అన్నాను. ఒక్కసారే అన్నాను, అదీ మొహమాటానికి.

"బేగెల్లు సెల్లీ, ఉజ్జోగం పోతాది," అని నా భుజం పట్టి లోపలికి తోసింది.

పరిశోధన సంగతి ఎవరికీ చెప్పకూడదు కాబట్టే నోరు విప్పలేదని తర్వాత నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆ క్షణంలో ఆ నియమం నాకు గుర్తే లేదు. కాగితం చేతికొస్తే పని పూర్తవుతుంది, ప్రొఫెసరు గారు మెచ్చుకుంటారు, అంతే అనుకున్నాను. సంతకం పడింది. బయటికి వస్తే నాకన్నా ఆవిడే ఎక్కువ సంతోషించింది. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసి, చెమట తగలకుండా పట్టుకెళ్లమని జాగ్రత్తలు చెప్పింది. మా ఇద్దరికీ ఎదురుగానే ఆఫీసరు జీపెక్కి వెళ్లిపోయారు.

మొత్తం పదకొండుసార్లు తిరిగానని రాసి ఇచ్చాను. నా చేతిరాత బాగుందన్నారు ప్రొఫెసరు గారు. ఇంకేమైనా విశేషాలున్నాయా అని అడిగితే లేవండి అన్నాను. నేను ఈ ఊరిదాన్నేనని సర్కారు ఒప్పుకున్న సందర్భంగా నాన్న మాడుగుల హల్వా తెప్పించాడు. ఆ వారమంతా ఇంట్లో నా గొప్పలే.

రెండు వారాల తర్వాత పిన్నిని బస్సెక్కించడానికి బస్టాండుకి వెళ్లాను. పిన్ని బస్సు వెళ్లిపోయింది. వెనక్కి తిరిగేసరికి వడ్డాది బస్సు ఆగేచోట ఆవిడ నిలబడి ఉంది. చేతిలో గుడ్డలో చుట్టిన కత్తి.

"సెల్లీ, ఉజ్జోగంలో సేరేవా?" అని ఎదురొచ్చింది. ముఖమంతా నవ్వు.

నేను ఆవిడ పోస్టు ఏమైందని ఎదురడిగాను.

"డేటు దాటిపోయింది. ఆ మర్నాడు పెద్దసారు ఎవురో మంత్రిగారొస్తన్నారని కేంపెలిపోయేడు, సోమారం దాకా రాలేదు. శనారం సీకటి పడేదాకా ఆ బల్ల మీదే కూకున్నాను. పోస్టు పక్కీదిలో ఆడగుంటకిచ్చేసేరు," అంది. "వడ్డాది కాడ సెరుకు కొడతన్నారంట, కూలికెల్తన్నాను. నీదైనా అయ్యింది, అది సాలు."

ఆ చివరి మాట లేకపోతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్నే. అది విన్నాక నా వల్ల కాలేదు. ఉద్యోగం లేదని, ఎప్పుడూ లేదని, ఆఫీసులో పని ఎన్నాళ్లకి అవుతుందో చూడటానికే తిరిగానని చెప్పేశాను.

"అయితే ఆ కాయితం నీకు అక్కర్లేదా?"

"అక్కర్లేదక్కా."

"రేపే ఆకరి డేటన్నావు గదా మరి."

నాకు తల కొట్టేసినట్టయింది. తిడితే బాగుండుననిపించింది, తిట్టదని కూడా తెలుసు.

"అలా చెప్పమన్నారక్కా," అన్నాను. "ఆ ప్రొఫెసరు గారే అలా చెప్పమన్నారు."

బిగుసుకున్న ఆవిడ ముఖం మెల్లగా మామూలైంది. కత్తి చంకలోకి మార్చుకుని నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దోలు సెప్పమంటే నువ్వేటి సేస్తావు. నీదేటి తప్పు సెల్లీ," అంది.

వడ్డాది బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కి కిటికీ పక్కన సీటు దొరికించుకుని, దిగులు పడొద్దని నాకు చేత్తో సైగ చేసింది. డ్రైవరు టీ తాగడానికి దిగాడు. బస్సు చాలాసేపు అక్కడే ఉంది. ఆ తేదీ ఎవరూ చెప్పమనలేదని, అది నేనే పుట్టించానని కిటికీ దగ్గరికి వెళ్లి చెప్పడానికి కావలసినంత టైముంది. నేను వెళ్లలేదు.