పక్కింటి జున్ను మాకెందుకు వచ్చేది కాదంటే

మా చిన్నప్పుడు... భట్టిప్రోలు పక్కన మా ఊళ్లో, కోటయ్య తాత వాళ్ల గేదె ఈనిందంటే వీధంతా జున్ను పంచేవారు... పక్కనే ఉన్న మా ఇంటికి తప్ప.

ఎందుకని అడిగితే నానమ్మ యుద్ధకాలం సంగతి చెప్పేది. జపాను వాడు బాంబులు వేస్తాడని జనం హడలిపోతున్న రోజులట... తిండికి ఉంచుకుని మిగతా ధాన్యమంతా లెవీ కింద సర్కారుకు కొలవాలట. పిల్లలకు చాలదేమోనని మా తాతయ్య ఆరు బస్తాలు గడ్డివామిలో దాచాడట. కోటయ్య తాత వెళ్లి అధికారులకు చెప్పేశాడట... వాళ్లొచ్చి వామి చీల్చి బస్తాలు పట్టుకుపోయారట. ఆ ఏడాదంతా మావాళ్లు నూకల జావతోనే గడిపారట.

"నోటికాడ కూడు లాగేసినోళ్లు. ఆ గుమ్మం తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా" అనేది నానమ్మ.

వాళ్ల మనవరాలు పద్మ, నేను బడిలో ఒకే బెంచీ. నాలుగో తరగతిలో ఉండగా ఒకరోజు గిన్నెలో జున్ను పట్టుకుని మా వాకిట్లోకొచ్చింది. "మా అమ్మకు చెప్పలేదే, నీ కోసమే దాచా" అంది.

నానమ్మ గుమ్మంలోంచి చూస్తోంది... గిన్నె లాక్కుని మట్టిలో బోర్లించాను. "మా ధాన్యం పట్టించినోళ్ల జున్ను మాకొద్దు" అన్నాను.

పక్క అరుగు మీద కూర్చున్న కోటయ్య తాత లేచాడు... నన్ను తిడతాడనుకున్నాను. "గిన్నె తీసుకుని ఇంటికి రా తల్లీ" అన్నాడు పద్మతో. అంతే.

మర్నాటి నుంచి పద్మ వేరే బెంచీలో కూర్చుంది. ఆ రాత్రి నానమ్మ నన్ను మెచ్చుకుని బెల్లం ముక్క పెట్టింది.

మొన్న బాపట్లలో మా మేనత్తను చూడటానికి వెళ్లాను. యుద్ధమప్పుడు ఆవిడకు ఏడెనిమిదేళ్లు. పిల్లల కోసం పాత సంగతులన్నీ వరసగా రాసి పెడుతున్నాను కదా... బస్తాల సంగతీ అడిగాను.

"మన వామి మీద ఎవరు చెయ్యేశారే? చీల్చింది వాళ్లది. చూపించింది మా నాన్న... మనది వెతక్కుండా పోతారని. నేను పక్కనే ఉన్నాగా!"

"మరి నానమ్మ అలా చెప్పిందేంటి అత్తయ్యా?"

"వాళ్ల మొహం చూడలేక. మాటల్లేకపోవడానికి పిల్లలకి ఏదో ఒకటి చెప్పాలిగా!"

నూకల జావ తాగిందీ వాళ్లేనట.

ఒకరి మాటతో సరిపెట్టుకోవడం నాకు చేతకాదు. రేపల్లెలో ఉంటున్న పద్మ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. చెప్తుంటే మధ్యలోనే ఆపింది.

"నాకు ఆ రోజే తెలుసే. మా తాత చెప్పాడు. అది చిన్నపిల్ల, నానమ్మ మాట నమ్ముకుంది... నువ్వు చెప్పి దాని మనసు విరగ్గొట్టకు అన్నాడు."

నేను ఏడ్చాను. పద్మ ఏడవలేదు.

నానమ్మ పోయి చాలా ఏళ్లయింది... ఈ కోపం ఎవరికి చూపించను? ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పిన మాట కదా అని ఇన్నాళ్లూ మోశాను. ఆవిడ దాచుకున్న సిగ్గును నా చేత విసిరించింది... వాళ్ల పిల్ల మొహం మీద.

ఇప్పుడు వాకిళ్లలో గడ్డివాములు లేవు... ఆ రోజులు చూసినవాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మీ ఇళ్లలో చెప్పుకున్న యుద్ధకాలం కథలుంటే కింద రాయండి... రాసేముందు ఒక్కసారి పక్కింటివాళ్లని కూడా అడగండి.