బండి బేరానికి పోయిన పొద్దు

ఆ రోజుల్లో బండి అంటే మాకు బండి ఒక్కటే కాదు, కొలువు, ఇజ్జత్, రేపటి పెండ్లి అన్నీ దాని మీదనే కూసోని వస్తయని నమ్మకం. నాకప్పుడు ఇరువై రెండేండ్లు. డిగ్రీ అయిపోయి, ఏ పనీ దొరకక, కామారెడ్డిల మా అమ్మ బీడీలు చుడుతుంటే పక్కన కూసోని ఆకు కత్తిరిస్తుంటి. (అది గూడ సక్కగ రాకపోతుండె. అమ్మ మళ్ల కత్తిరిచ్చుకునేది.) గట్లాంటి టైముల ఇంటింటికి పార్సిళ్లు పంచే కొలువొకటి చేతికందేటట్టు కనవడ్డది. షరతు ఒక్కటే, సోమవారం పొద్దుగాల సొంత బండితోని రావాలె, లేకుంటే వేరేటోళ్లను వెట్టుకుంటరట. కొత్త బండి మాట ఇంట్ల ఎత్తే ధైర్యం నాకెక్కడిది? ఎల్లారెడ్డిల పశువుల డాక్టరొకాయన రిటైరై తన పాత బండి అమ్ముతుండని తెలిసి, ఆదివారం మా బావను ఎంబడేసుకొని బస్సెక్కిన.

బావ అంటే మా అక్క మొగడు. బండ్ల గురించి ఆయనకు తెల్వంది లేదని మా అక్క నమ్ముతది, అక్క కంటే ఎక్కువ ఆయన నమ్ముతడు. డాక్టర్ సాబు మోకాళ్లకు నూనె రాసుకుంట అరుగు మీద కాళ్లు సాపుకొని కూసున్నడు. బావ బండి సుట్టు ఒక చక్కర్ తిరిగిండు. టైరు నొక్కిండు, చైను గుంజిండు, హ్యాండిలు అటిటు ఊపిండు. ఆఖరికి వంగి సైలెన్సర్ కాడ ముక్కు వెట్టి, "పొగ మంచిగనే ఉందిరా, ఇంజన్ గట్టిది" అన్నడు. "బావా, బండి ఇంకా స్టార్టే చెయ్యలే" అన్న నేను. డాక్టర్ సాబు నవ్వు ఆపుకోలేక దగ్గు అందుకున్నడు. కిక్కు మీద కిక్కు కొట్టంగ కొట్టంగ బండి పిండి గిర్నీ లెక్క గడగడ మొదలువెట్టింది. ఒక్కసారి నడిపి చూస్త సార్ అంటే, "చూడు బిడ్డా, గని మీ బావను గీడ జమానతు వెట్టి పో. నువ్వు అటే పోతే నేనెవ్వరిని అడగాలె?" అన్నడు. లోపలి నుంచి చాయ్ వాసన వస్తుండె, బావ సంబురంగ జమానతయి కూసున్నడు.

పోచారం దిక్కు తొవ్వ పట్టిన. గాలి మొకానికి కొడుతుంటే, ఎనుక పార్సిళ్ల సంచి ఉన్నట్టు, గల్లీలన్నీ నా కోసం ఎదురుచూస్తున్నట్టు, ఏదేదో లోకంల ఉన్న. ఊరి ముంగట ఒక అవ్వ రెండు చేతులు సాపి నడి రోడ్డు మీద నిలవడ్డది! బ్రేకు మీద నిలవడితే, బండి సరిగ్గ ఆమె కాలివేళ్ల ముంగట వచ్చి ఆగింది. (బ్రేకులు మంచిగున్నయని అట్ల తెలిసింది.) "డాక్టర్ సాబేడి? ఆయన బండి మీద నువ్వెవ్వనివి?" అని ఉరిమింది. "బండి చూడ వచ్చిన, అవ్వా" అన్న. "బండి తర్వాత చూస్తువు గని, ముందుగాల నా బర్రెను చూడు" అని నా అంగి కాలర్ వట్టి గుంజకపోయింది.

కొట్టంల బర్రె నాలుక ఎల్లవెట్టి నిలవడి ఉంది, ఎడమ పక్క కడుపు ఉబ్బి ఉబ్బి డోలు లెక్కయింది. అవ్వ బర్రె తోక పైకెత్తి, "చెయ్యి వెట్టి చూడు" అన్నది. "అవ్వా, నేను డాక్టర్ను కాదు, కామర్స్ చదివిన!" అని ఒర్లిన. "ఏదో ఒకటి చదివినవు గద, జర చూడు బిడ్డా" అన్నది. కొడుకు వలస పోయిండట, మనుమరాలి చదువు, ఇంట్ల పొయ్యి, అన్నీ ఈ బర్రె పాల మీదనేనట. కొత్త డాక్టరు జుక్కల్ దిక్కు పోయిండు, మన సాబేమో రిటైరయిన కాడి నుంచి ఫోన్ బంద్ వెట్టుకున్నడు. "సాబు ఇంటికాడనే ఉన్నడు, అవ్వా" అన్న. ఇంకో మాట అనేలోపల్నే అవ్వ కొంగు బిగించి పోయి బండెక్కి కూసున్నది. "పోనియ్" అన్నది.

అవ్వను చూసి డాక్టర్ సాబు తెల్లవోయిండు. "బండి అమ్ముతవా సాబ్? మమ్ముల్నెవ్వరికి అమ్ముతవు? నా బర్రె ఉబ్బి సస్తుంది!" అని ఆమె వాకిట్లనే మొత్తుకున్నది. ఆయన లేవబోయిండు, మోకాలు పట్టుకొని మళ్ల కూలవడ్డడు. "నేను బండి నడపలేనే అవ్వా" అన్నడు, కండ్లు కిందికి చేసుకొని. అప్పుడు డాక్టర్ సాబు, ఆయన ఇంటామె, అవ్వ, నోట్ల ఉప్మా ఉన్న మా బావ, అందరు తిరిగి నా దిక్కే చూసిండ్రు. మరుక్షణం బండి మీద మేం ముగ్గురం, సాబు ఒడిల మందుల సంచి. "మరి జమానతున్న నేను?" అని ఎనుకకెల్లి బావ కేకేస్తుండు. "నువ్వు జమానతు గద, ఉండు!" అన్నది అవ్వ, ఆయనెవ్వరో తెల్వకున్నా.

కొట్టంల నేను కొమ్ములు వట్టి బర్రె తల ఎత్తితే, సాబు నూనె తాపి, కడుపు పిసుకుడు షురూ చేసిండు. చానసేపు ఏం కాలే. అవ్వ గోడకానుకొని గుడ్లప్పగించి చూస్తుంది. "ఎనుకకు పోయి తోక పట్టు" అన్నడు సాబు, పట్టిన. అంతే! ఆ చప్పుడు, ఆ గాలి, దాని ఎంబడే వచ్చిన పేడ... నా ఒక్కగానొక్క తెల్లంగి! నేను కొయ్యవారి నిలవడ్డ. అవ్వ మాత్రం ఏడ్సుకుంట, నవ్వుకుంట బర్రె మొకం నిమిరి, అదే చేత్తోని నా తల నిమిరింది.

నేను బొక్కెన కాడ అంగి కడుక్కుంటుంటే ఎనుక మాటలు వినవడ్డయి. "బ్రేకు మంచిగేస్తడు" అంటుంది అవ్వ. "గుంతొస్తే మెల్లగ చేస్తడు, నా నడుము నొయ్యలే." సాబు తల ఊపి, "క్లచ్ జర ఆగమాగం వదులుతడు, అది నేను నేర్పుత తియ్యి" అన్నడు. "మీద పేడ వడితే గూడ తిట్టలే సాబ్, గట్టి పోరడే." ఎవ్వరి గురించో సమజయి, చేతిల అంగి బొక్కెనల వడ్డది. నన్ను కింద మీద చూసి, "బండి ఇగ అమ్మను బిడ్డా. రేపు ఆరింటికి రా, నువ్వు నడుపు, నేను ఎనుక కూసుంట. జీతమిస్త" అన్నడు సాబు. రేపంటే సోమవారం!

సాబు ఇంటికి వాపసొచ్చి విషయం చెప్పంగనే బావ చాయ్ గిలాస కింద వెట్టి, "బండి కొననికి తోల్కొస్తే నువ్వే అమ్ముడువోయినవ్ గదరా!" అని నెత్తి కొట్టుకున్నడు. సోమవారం పొద్దుగాల కామారెడ్డి బస్టాండ్ల నిలవడ్డ. బండికి రెండు దినాల గడువు అడుగుదామంటే పార్సిల్ దఫ్తర్ ఒక దిక్కు, ఎల్లారెడ్డి బస్సు ఒక దిక్కు. బర్రె మేత ముట్టిందో లేదో అనే రంది రాత్రి నన్ను నిద్ర పోనియ్యలే, అందుకే బస్సెక్కిన. దాన్ని చూసి వాపసు వద్దామనే అనుకున్న, ఒట్టు. నాలుగేండ్లు సాబును ఎక్కించుకొని ఊర్లన్నీ తిరిగిన. ఇప్పుడు పశువుల మందుల దుకాణం నాది, నెత్తి నెరుస్తుంది. ఆ పొద్దు అంతమంది నన్ను ఒప్పుకున్నరు గని, నీకిష్టమేనా అని ఒక్కరు గూడ అడగలే. అడిగుంటే ఆ తెల్లంగి పోరడు కాదనే అంటుండె.