కాగితానికి వెనకవైపు

నా చిన్నప్పుడు మేము దుబాయ్‌లో, కరామాలో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. అమ్మది భీమవరం దగ్గర పల్లెటూరు, దుబాయ్ ఆసుపత్రిలో నర్సు. నాన్న షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మెకానిక్. నాకు పన్నెండేళ్ళు నిండిన ఏడాదే కరోనా భయంతో విమానాలు ఆగిపోయాయి, బడి ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది.

విమానాలతో పాటు మా పక్కింట్లో ఒక తాతగారు కూడా ఆగిపోయారు. కొత్తగా పుట్టిన మనవణ్ణి చూసుకుందామని నెల రోజులకి కొడుకింటికి వచ్చినాయన. నిజామాబాద్ వైపు ఒక పట్నంలో ఒకప్పుడు పెద్ద నాయకుడట. తమ మతంవాళ్ళ కోసమే పెట్టిన పార్టీలో చేరి, జెండాలు కట్టే పనితో మొదలుపెట్టి, కౌన్సిలరై, ఆపైన రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. ఎక్కడికీ వెళ్ళే వీల్లేకపోయినా రోజూ ఇస్త్రీ షేర్వాణీ వేసుకుని, సాయంత్రం నమాజ్ అయ్యాక వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవారు. మైకు అక్కర్లేని గొంతు ఆయనది. ఫోన్లో కూరగాయలు చెప్పినా కింద పార్కింగ్‌లో మనుషులు తలెత్తి చూసేవారు. "మామూ, ఇది మీటింగ్ కాదు!" అని కోడలు లోపలి నుంచి కేకేసేది.

నేను మా గడపలో, ఆయన తన గుమ్మం ముందు కుర్చీలో, మధ్యలో నాలుగు బారల దూరం. అలా కూర్చుని తన రాజకీయమంతా నాకు చెప్పారు. మొదటి సభలో మాటలన్నీ మరిచిపోయి పదకొండుసార్లు జిందాబాద్ అని దిగిపోయారట. మర్నాడు ఊరంతా గొప్ప ఉపన్యాసమని చెప్పుకుందట.

ఆ రోజుల్లోనే అమ్మకి కరోనా వార్డులో డ్యూటీ పడింది. ఇంటికి రాగానే తిన్నగా స్నానాల గదిలోకి వెళ్ళేది, మాకు దూరంగా కూర్చుని తినేది. ఒకరోజు మా అంతస్తు చివరి ఫ్లాట్ అంకుల్ ఒక కాగితం పట్టుకుని తాతగారి దగ్గరికి వచ్చాడు. నర్సు లిఫ్టు ఎక్కకూడదు, ఈ జబ్బు తగ్గేదాకా ఆమె వేరే చోట ఉండాలి అని అందులో రాసి ఉంది. పెద్దాయన మొదటి సంతకం పెడితే మిగతావాళ్ళూ పెడతారని అంకుల్ ఆశ. నేను తలుపు వెనక నిలబడి అంతా విన్నాను.

తాతగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "నా దగ్గర్నే ఉంచు భాయ్. అందరి దగ్గరికి నేనే పోత" అన్నారు. అంకుల్ సంతోషంగా వెళ్ళిపోయాడు. అమ్మ ఎక్కడికి వెళ్తుంది? రెండు రోజులు ఆయన వైపు తలుపే తీయలేదు.

మూడో రోజు ఆయనే గుమ్మం ముందుకొచ్చి పిలిచారు. "కోపమొచ్చిందా బిడ్డా? నాతోని ప్రచారానికి రా. నా చేతులు వణుకుతున్నయ్, నువ్వు రాయాలె" అన్నారు. ఆ గొంతుకి ఎదురుచెప్పడం ఎవరికీ చేతకాదు. మాస్కు బిగించుకుని పెన్ను పట్టుకున్నాను.

ప్రతి తలుపూ తట్టి, వెనక్కి జరిగి, ముందు వాళ్ళ క్షేమం అడిగేవారు. కాగితం ఊసే ఎత్తేవారు కాదు. ఆఖర్న ఒక్కటే ప్రశ్న. ఈ సిస్టరమ్మ మీకెప్పుడన్నా అక్కరకొచ్చిందా అని. వాళ్ళు చెప్పింది నన్ను కాగితానికి వెనకవైపు రాయమన్నారు. రెండో ఇంటి మలయాళీ ఆంటీ, తనకి నొప్పులొచ్చిన రోజు అమ్మే టాక్సీలో పక్కన కూర్చుని తీసుకెళ్ళిందని చెప్పింది. ఒకే గదిలో బెడ్‌స్పేస్, అంటే తలా ఒక మంచం మాత్రం అద్దెకి తీసుకుని ఉండే జగిత్యాల అన్నల్లో ఒకాయన, తెగిన వేలికి అమ్మ కట్టు కట్టిందని చెయ్యి చూపించాడు. రాస్తూ రాస్తూ నేనే ఆగిపోయాను. ఇవేవీ అమ్మ ఇంట్లో చెప్పలేదు. చెప్పినవాళ్ళందరూ తమ మాట కింద సంతకం పెట్టారు.

చివరి ఫ్లాట్లో అంకుల్ వాళ్ళ అమ్మగారు తలుపు తీశారు. "నాకు ఇన్సులిన్ సూది వేసుకోవడం నేర్పింది ఆ పిల్లే కదా! వారం రోజులు పొద్దున్నే వచ్చి పక్కన నిలబడింది" అని ఆవిడా సంతకం పెట్టింది. వెనక నిలబడ్డ అంకుల్ నేల చూపులు చూస్తున్నాడు. తాతగారు కాగితం ఆయన చేతికిచ్చి, "అందరి సంతకాలు తెచ్చిన భాయ్. కాకపోతే వెనకదిక్కు పెట్టిన్రు" అన్నారు. అంకుల్ తిప్పి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను అడిగి వాళ్ళమ్మ పేరు కింద తన పేరూ రాశాడు. ఆ సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చేసరికి లిఫ్టు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ ఎక్కాక, తను మెట్ల మీదుగా వచ్చాడు. ఏం జరిగిందో అమ్మకి అర్థం కాలేదు. నేను మాత్రం నవ్వాపుకోలేకపోయాను.

కాగితం చింపేస్తే సరిపోయేది కదా అని మర్నాడు తాతగారిని అడిగాను. "చింపితే ఇంకోటి రాస్తడు" అని నవ్వి, అప్పటిదాకా చెప్పని సంగతి చెప్పారు. రెండోసారి ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు, అవతలి వీధిలో వేరే మతంవాళ్ళ దుకాణాల్లో మనోళ్ళు ఏమీ కొనద్దని ఒక సభలో అన్నారట. చప్పట్లు ఆగలేదట. ఆ వీధిలోనే ఆయనకి అక్షరాలు దిద్దించిన పంతులుగారికి పుస్తకాల కొట్టు ఉండేది. రెండు రోజుల తర్వాత అటు వెళ్తే కొనేవాళ్ళు లేక కొట్టు ఖాళీగా ఉంది. పంతులుగారు ఆయన్ని చూసి, ముక్కూ మొహం తెలియనివాడిని అడిగినట్టు "ఏం కావాలండీ?" అన్నారట. "నన్ను ఎన్నడూ అండీ అనలే బిడ్డా. ఆ ఒక్క మాటకు సచ్చినంత పనయింది" అన్నారు తాతగారు. అదే మైదానంలో మళ్ళీ మీటింగు పెట్టి, తన మాట తప్పని చెప్పారట. పార్టీ టికెట్ ఇవ్వలేదు. సొంతంగా నిలబడి చిత్తుగా ఓడిపోయారు. "పంతులుగారు మాత్రం మళ్ళ ఒరేయ్ అన్నడు" అని వరండా దద్దరిల్లేలా నవ్వారు.

విమానాలు మొదలవగానే ఆయన వెళ్ళిపోయారు. ఆ తర్వాత నా జీవితంలో ఎవరో ఒకరి మీద రాసిన కాగితాలు చాలానే వచ్చాయి, కాలేజీలోనూ, బంధువుల్లోనూ. ఈ మనిషిని దూరం పెడదాం, నువ్వూ మాతో కలువు అని. నేను వెంటనే కాదనను, ఔననను. ఒక్కరోజు గడువడిగి, ఆ మనిషి ఇంటికి వెళ్ళి తలుపు తడతాను. ఇన్నేళ్ళలో చాలామంది నాకు టీ ఇచ్చి, కాగితంలో లేని తమ సంగతులు చెప్పారు.