అరచేతులు చూసే సిస్టరుగారు

అమలాపురంలో నేను రక్తపరీక్షలు చేసిన ఆసుపత్రిలో ఒక సిస్టరుగారుండేవారు. ఎవరొచ్చినా ముఖం కన్నా ముందు అరచెయ్యి తిప్పి చూసేవారు. జాతకం చెబుతారనుకుని కొత్తవాళ్ళు రెండో చెయ్యి కూడా చాపేవారు. ఆవిడ వెతికేది సిఫిలిస్ మచ్చల కోసం. మావైపు సవాయి అంటారు.

ఎనభైల మొదట్లో ఓ లారీ డ్రైవరు భార్య వచ్చింది. ఆరో నెల. అరచేతుల నిండా రాగిరంగు మచ్చలు. రక్తంలోనూ సవాయే తేలింది. దానికి మందైన పెన్సిలిన్ పడుతుందో లేదోనని చుక్క ఎక్కించి చూస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచేయి. దాంతో డాక్టరుగారు ఎరిత్రోమైసిన్ బిళ్ళలు రాసేరు. మూడు వారాల్లో మచ్చలు పోయేయి.

సిస్టరుగారు మాత్రం ఆ చేతులు వదల్లేదు. "మచ్చలు వాటంతటవే పోతాయండి. ఈ బిళ్ళలకి లొంగని రకం కూడా ఉందంటున్నారు. మళ్ళీ రక్తం చూడండి," అన్నారు నాతో.

"మచ్చే లేదు కదండీ, ఎందుకండీ," అన్నాను. సూదంటే భయపడే ఆ అమ్మాయి "ఆయ్" అని నా మాటకే తలూపి నవ్వింది.

కాన్పయిన రోజు అందరం బిడ్డ ముఖం చూసి ఎవరి పోలికో తేలుస్తున్నాం. సిస్టరుగారు బిడ్డ గుప్పిట విప్పేరు. చాలాసేపు చూసి, మెల్లగా మూసేరు.

"ఇప్పుడు తీస్తారా అండీ రక్తం?" అన్నారు, నావైపు చూడకుండా.