ఈల ఎప్పుడొచ్చింది, బిడ్డా?

మా ఉస్తాద్ పోయారు. మొన్న బుధవారం పొద్దున ఆబిడ్స్‌లో మా ఆఫీసుకు వెళ్తూ మొజంజాహీ మార్కెట్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను, ఫోను మోగింది. ఆయన షెడ్డు పక్కన చాయ్ దుకాణం నడిపే ఆయన.

"మేడమ్, ఉస్తాద్ లేడు. నాష్టా జేస్కుంట జేస్కుంట పక్కకొరిగిండు. దవాఖానకు తీస్కవోయెటాల్లకే అయిపోయింది."

సిగ్నల్ పచ్చగా మారి మళ్ళీ ఎర్రగా మారింది. నేను కదల్లేదు. వెనకనించి ఎవరో ఆటో అతను వచ్చి కిటికీ మీద కొట్టి, "ఏందమ్మా, పండుకున్నవా?" అన్నాడు. అతని మీద గట్టిగా అరిచాను. అరుస్తూనే ఏడ్చేశాను. పాపం, అతను బిత్తరపోయి, "ఏం ఫికర్ లేదు మేడమ్, మెల్లగ పొండ్రి" అని వెళ్ళిపోయాడు.

ఉస్తాద్ అంటే సంగీతం ఉస్తాద్ కాదు. కార్ల మేస్త్రీ. నాంపల్లి స్టేషన్ వెనక సందులో రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు ఆయనది. టర్బోల పనికి ఊళ్ళో ఆయన తర్వాతే ఎవరైనా అని కార్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా ఒప్పుకునేవారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఇంజన్ వదిలే పొగ ఒక చిన్న పంకాను తిప్పుతుంది, ఆ పంకా ఇంజన్లోకి గాలిని తోస్తుంది, కారుకు బలం వస్తుంది. అదే టర్బో. కంపెనీ ఇచ్చింది చాలదని పెద్దది వేయించుకునే నాబోటి అత్యాశాపరులు ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళం.

ఐదేళ్ళ కిందట నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన నా కారు వైపు చూడలేదు. నన్ను చూశారు.

"పెద్ద టర్బో గావాల్నా? ఎవలి మీద బిడ్డా కోపం?"

నాకు ఒళ్ళు మండింది. "కోపమేమిటండీ! ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లాగడం లేదు" అన్నాను.

"అందరు గదే అంటరు. సరే. ముందుగాల బ్రేకులు జేస్త. ఆపుడు వచ్చినంకనే ఉరుకుడు."

వారం రోజులు నా కారుకు బ్రేకులే చేశారు. తర్వాత క్లచ్. ఆ తర్వాతగానీ టర్బో బయటికి తీయలేదు. కొత్తదాన్ని పెట్టే ముందు ఇంట్లోంచి తెచ్చుకున్న స్టీలు చెంచాతో దాని నూనె రంధ్రంలోకి శుభ్రమైన ఇంజన్ ఆయిలు పోసి, వేలితో పంకాను మెల్లగా తిప్పారు. "ఎండిన గొంతుతోని ఉరకమంటే ఎవలన్న ఉరుకుతరా? ముందు దానికి తాపాలె" అన్నారు. బండి నడిపి వచ్చాక కూడా ఇంజన్ వెంటనే ఆపనిచ్చేవారు కాదు. రెండు నిమిషాలు అలా ఆడుతూ ఉండాలి, టర్బో చల్లబడాలి. ఆ రెండు నిమిషాలూ బండిలోనే కూర్చుని మాట్లాడుకోవడం ఆయనకు అలవాటు. నాకూ అలవాటైపోయింది.

మా తాతగారు యాభై ఆరులో గుంటూరు నించి ఉద్యోగం మీద ఇక్కడికొచ్చారు. మా ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషి లేడు. నేనేమో బీమా ఆఫీసులో గుమాస్తాని. అలాంటిదాన్ని ఆదివారం ఆదివారం ఆయన షెడ్డుకు పరిగెత్తేదాన్ని. "గుడికెళ్ళమంటే కాళ్ళనొప్పులు, ఆ మసి కొట్టుకు మాత్రం తయారు" అని మా అమ్మ సణిగేది. నిజమే, నాకు అదే గుడి.

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో పాత పుస్తకాలవాళ్ళు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరచకముందే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఆ వారం టర్బో వేసిన బండిని ఉస్తాద్ నడిపించి చూసేవారు. స్టీరింగ్ నాకిచ్చేవారు. తాను పక్క సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, అరచేయి డాష్‌బోర్డు మీద ఆనించేవారు. మీటర్లో ఇంజన్ చుట్ల ముల్లు ఒక అంకె దాటి, టర్బో తిరగడం అందుకోగానే సన్నగా ఈల వస్తుంది. ఆ ఈలే దాని ఆరోగ్యం. తిరిగొచ్చి షెడ్డు ముందు బండి ఆపాక ఆ రెండు నిమిషాల్లో పరీక్ష మొదలయ్యేది.

"ఈల ఎప్పుడొచ్చింది, బిడ్డా?"

"రెండువేల దగ్గర, ఉస్తాద్."

"సాఫున్నదా, గరుకున్నదా?"

"సాఫుగానే ఉంది."

"మల్ల రేసు ఇడిసినప్పుడు?"

నేను పొంగిపోయేదాన్ని. ఇంత పేరున్న మేస్త్రీ నా చెవిని తయారు చేస్తున్నాడని. ఆఫీసులో కూడా గొప్పలు చెప్పుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో ఇప్పుడు తెలుస్తోంది.

ఇక చెప్పలేక చెబుతున్న సంగతి. పోయినేడు ఒక ఆదివారం ఒక తెల్ల బండి విషయంలో "గరుకుగా ఉంది ఉస్తాద్" అన్నాను. ఆయన రోజంతా కూర్చుని టర్బో ఊడదీసి చూశారు. ఏమీ లేదు. ఎప్పుడూ లేనిది ఆ వేళ ఆయనకు కోపం వచ్చింది. ఇద్దరు కస్టమర్ల ముందు, "సాఫున్నదాన్ని గరుకంటవా? చెవుల దూది వెట్టుకున్నవా? దినమంత ఖరాబు జేసినవ్!" అని కేకలేశారు. తల కొట్టేసినట్టయింది నాకు.

తర్వాతి ఆదివారం ఒక ఎర్ర కారు. బండిగలాయన పట్టుబట్టి పెద్ద టర్బో వేయించుకున్నాడు. నడుపుతుంటే ఈల వెనకాల ఇంకో సన్నటి మూలుగు వినిపించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. షెడ్డు ముందు ఆగాం.

"సాఫున్నదా, గరుకున్నదా?"

పోయిన వారం తిట్లు గుర్తొచ్చాయి. ఆయన పక్కనే కూర్చున్నారు కదా, గరుకుగా ఉంటే ఆయనకు వినిపించదా, నాకెందుకు అనుకున్నాను. పరీక్షలో మాస్టారి ముఖం చూసి జవాబు రాసే పిల్లలా చెప్పాను.

"సాఫుగా ఉంది ఉస్తాద్."

"పక్కానా?"

"పక్కా."

నాలుగో రోజు ఆ కారు చాదర్‌ఘాట్ వంతెన మీద నీలం పొగ కక్కి ఆగిపోయింది. నూనె పైపు ఒకచోట మడతపడి, టర్బోకి చుక్క చుక్కే అందిందట. లోపల అరిగి పట్టేసింది. లాక్కొచ్చిన బండితోపాటు బండిగలాయన షెడ్డుకొచ్చి సందంతా వినేట్టు అరిచాడు. "ఏం ఉస్తాద్, చెవులు పోయినయా? చేతగాకుంటే బంద్ వెట్టుకోరాదు!"

ఆఫీసు నించి చాయ్‌కి వచ్చిన నేను అక్కడే ఉన్నాను. ఉస్తాద్ నా వైపు చూడనైనా చూడలేదు. చేతులు తుడుచుకుంటూ, "తప్పు నాదే సారూ. నాకు ఇనవడలే. మల్ల కొత్తగ జేసిస్త" అన్నారు. నేను గ్లాసు కింద పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయాను. సిగ్గులేని పని అది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆ బండి బాగుచేసి ఇచ్చేశాక ఆయన టర్బోల పని మానేశారు. "ఇగ బ్రేకులు జేస్కుంట కూసుంట బిడ్డా" అన్నారు. వయసు మీదపడింది కదా అనుకున్నాను. ఆదివారాలు నేనూ తగ్గించాను. నెలకోసారి, తర్వాత ఆయిలు మార్చాల్సినప్పుడు మాత్రం. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూ ప్రతిసారీ ఏదో ఒకటి మాట్లాడి వచ్చేసేదాన్ని.

మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్యను నేను పెద్దమ్మా అంటాను. వంటింటి గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. లోపల ఎవరో పొయ్యి మీద కుక్కర్ పెట్టినట్టున్నారు, ఈల వచ్చింది. పెద్దమ్మ ఉలిక్కిపడి అటు చూసి కళ్ళు తుడుచుకుంది.

"గీ ఈల గూడ ఇనవడకపోతుండె బిడ్డా ఆయనకు. ఆరేండ్లాయె. మాటలు మంచిగనే ఇనవడ్తుండె, సన్న సప్పుడు మాత్రం లేదు. డాక్టరు చెవికి మిషనిస్తె తీస్కవోయి షెడ్డుల పానాల డబ్బల దాసిండు. మిషన్ పెట్టుకున్న మేస్త్రీ దగ్గరికి ఎవలొస్తరే అన్నడు."

డాష్‌బోర్డు మీద ఆ అరచేయి కళ్ళముందు కనబడింది. అది ఏదో స్టైలు అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఆయన నన్ను పరీక్షించలేదు. నన్ను అడిగారు. తనకు వినపడనిది నాకు వినపడుతుందని నమ్మి అడిగారు.

"పెద్దమ్మా, ఆ ఎర్ర కారు..." అన్నాను.

"ఎర్కనే బిడ్డా. ఆయనకు గూడ ఎర్కనే. ఆ పొద్దె ఇంటికొచ్చి చెప్పిండు. ఆ బిడ్డకు ఇనవడ్డది, దాని చెవి మంచిదే, మొన్న నేనే బెదిరిస్తి, గందుకే నోరు మూస్కున్నది అన్నడు."

"మరి నన్ను ఒక్క మాట ఎందుకు అనలేదు?"

"అంటే సిగ్గువడి ఇగ రాదన్నడు. ఆదివారం ఆదివారం ఇంకో కుర్చీ బయటేస్కొని కూసునేటోడు. నువ్వు ఆబిడ్స్ దిక్కుకెంచి వస్తవని."

ఆయన ఏమీ అనలేదు. అయినా ఎన్నో ఆదివారాలు నేను వెళ్ళలేదు. ఇంతకన్నా ఏం శిక్ష కావాలి నాకు?

నిన్న ఆదివారం. పొద్దున్నే కారు తీశాను. ఆబిడ్స్‌లో ఇంకా పట్టాలు పరచలేదు, రోడ్డు ఖాళీగా ఉంది. అద్దాలు దించి, రెండువేలు దాటించాను. ఈల వచ్చింది. వెనకాల ఏదో సన్నగా గీరుకుంటున్న చప్పుడు. కొన్నాళ్ళుగా ఉన్నదే, విననట్టు తిరుగుతున్నాను.

నాంపల్లి సందులోకి వెళ్ళి షెడ్డు ముందు ఆపాను. షట్టర్ దించి ఉంది. ఇంజన్ ఆపలేదు, రెండు నిమిషాలు ఆడాలి కదా. పక్క సీటు వైపు తిరిగాను. ఈసారి ఆయనకు వినపడేలా, గొంతెత్తి, ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

"రెండువేల దగ్గర వచ్చింది ఉస్తాద్! సాఫుగా లేదు! గరుకుగా ఉంది!"

చాయ్ దుకాణం ఆయన ఉలిక్కిపడి బయటికొచ్చి చూశాడు. నేను మళ్ళీ చెప్పాను, ఇంకా గట్టిగా.